ఒక దేశం కరెన్సీ పడితే పొరుగు కరెన్సీలు ఎందుకు పడతాయి? 1997 చెప్పిన పాఠం

మన కుటుంబాల పిల్లలు మలేసియాలో, సింగపూర్‌లో ఉద్యోగాలు చేస్తూ ఇంటికి డబ్బు పంపుతున్నారు. రింగిట్ రేటు తగ్గినప్పుడల్లా ‘అక్కడ ఏమైంది?’ అని అడుగుతాం. చాలాసార్లు కారణం అక్కడ కాదు, పక్క దేశంలో ఉంటుంది.

పతనం పాకిన తీరు

1997 ముందు డాలరుకు సుమారు 25 థాయ్ బాట్‌లు. ఆ రేటు మారదనే నమ్మకంతో అక్కడి సంస్థలు డాలర్లలో అప్పులు తెచ్చి స్థలాలు, భవనాల మీద పెట్టాయి. డాలరు నిల్వలు కరిగిపోయి, జూలై 2న థాయిలాండ్ బాట్‌ను మార్కెట్‌కు వదిలేసింది. అదే నెలలో ఫిలిప్పీన్స్, మలేసియా, ఆగస్టు 14న ఇండోనేషియా, డిసెంబరులో దక్షిణ కొరియా అదే దారి పట్టాయి. 1998 జనవరికి డాలరు ధర 50 బాట్‌లు దాటింది. ఇండోనేషియాలో 2,400 రుపియాల నుంచి 10,000 దాటింది. మలేసియాలో 2.50 రింగిట్‌ల నుంచి 4.50 దాటింది.

కారణాలు మూడు

పోటీ: పొరుగు దేశాలు ఒకే రకం సరుకును ఒకే మార్కెట్లకు పంపుతాయి. ఒకరి కరెన్సీ చవకైతే మిగతావారి సరుకు అమ్ముడుపోదు.

అప్పు: థాయిలాండ్‌లో నష్టపోయిన విదేశీ బ్యాంకులు పక్క దేశాల్లోని బాకీలనూ వెనక్కి అడిగాయి.

అనుమానం: ఒక ఇంటి లెక్క తప్పితే పక్కింటి లెక్కలూ తిరగేస్తారు.

ఆ తరువాత

1998 సెప్టెంబరులో మలేసియా డాలరుకు 3.80 రింగిట్‌లని రేటు కట్టేసింది. చైనా తన యువాన్‌ను తగ్గించకుండా నిలబెట్టడం పొరుగువారికి ఊరటనిచ్చింది. 2000లో చియాంగ్ మాయ్‌లో ఆసియాన్ దేశాలు, చైనా, జపాన్, కొరియా కష్టకాలంలో ఒకరికొకరు డాలర్లు సర్దుకునే ఏర్పాటుకు ఒప్పుకున్నాయి. 2005 జూలై 21న చైనా డాలరు ముడి వదిలింది. అదే రోజు మలేసియా కూడా వదిలింది. 2015 ఆగస్టులో చైనా యువాన్‌ను సుమారు 2 శాతం తగ్గించగానే రింగిట్ కూడా పడింది. అంటే డాలరుతోపాటు యువాన్‌నూ చూడాల్సిన రోజులొచ్చాయి.

మన ఇంటి లెక్క

స్వల్పకాలిక విదేశీ అప్పు తక్కువగా ఉండటం, డబ్బు రాకపోకలపై నియంత్రణలు ఉండటం వల్ల 1997లో మన రూపాయి అంతగా పడలేదు. అయినా రింగిట్ జీతం మీద ఆధారపడిన ఇంటికి దెబ్బ తప్పలేదు. 1997 మధ్యలో 1,000 రింగిట్‌లు పంపితే సుమారు 14,000 రూపాయలు వచ్చేవి. 1998 జనవరిలో సుమారు 9,000. అక్కడ జీతం తగ్గలేదు, ఇక్కడ వాయిదా మారలేదు. అందుకే మేము సభ్యులకు చెప్పేది ఒక్కటే: విదేశీ జీతాన్ని నమ్ముకుని ఇక్కడ ఇంటి అప్పు తీసుకుంటే, ఆరు నెలల వాయిదాలకు సరిపడా సొమ్ము రూపాయల్లో పక్కన పెట్టుకోండి.