వెనక సీటు చోట ఇంజను

1980. ఫ్రాన్స్ ఉత్తర తీరంలో దియెప్ ఊరు. ఆల్పీన్ కార్ల ఫ్యాక్టరీలో మీ ఎదుట ఒక రెనో 5 నిలబడి ఉంది. ఫ్రాన్సులో జనం సంతకు వెళ్లి కూరగాయలు వేసుకొచ్చే బండి. మూడేళ్ల తర్వాత మన రోడ్ల మీదికి రాబోయే మారుతి 800కి అన్న వరస అనుకోండి. గద్వాలలోనైనా నాగర్‌కర్నూల్‌లోనైనా ఏ షెడ్డులో ఇలాంటి చిన్న కారు బానెట్ ఎత్తినా ఇంజను ఎదురుగానే కనిపిస్తుంది.

దీని బానెట్ ఎత్తండి. రేడియేటర్ ఉంది, స్టెప్నీ ఉంది. ఇంజను లేదు.

తలుపు తీసి లోపలికి తొంగి చూడండి. వెనక సీటు ఉండాల్సిన చోట నేలే కోసేశారు. అక్కడ, ముందు సీట్ల వీపుల వెనకాలే, ఇంజను పొడుగ్గా కూర్చుంది. దాని వెనక గేరుబాక్సు. మామూలు రెనో 5ని ముందు చక్రాలు లాగుతాయి. దీన్ని వెనక చక్రాలు తోస్తాయి. ఇక్కడి నుంచి ఏదీ పాత చోట ఉండదు. గేరు రాడ్లు వెనక్కి సాగాలి, నీళ్ల గొట్టాలు ముందున్న రేడియేటర్ దాకా పోవాలి, వెనక సస్పెన్షన్ మళ్లీ మొదటి నుంచి గీయాలి. చిన్న కారు గేరుబాక్సు ఈ బలానికి ఆగదని పెద్ద కారు రెనో 30ది తెచ్చి బిగించారు.

వనపర్తి రాజావారి మహల్లో 1959 నుంచి నడుస్తున్న పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివినవాళ్లయితే ముందుగా బరువు ఎక్కడ పడుతోందని అడుగుతారు. ఎక్కువ పాలు వెనక చక్రాల మీదే. అందుకే ఆ టైర్లు అంత వెడల్పు. అవి పట్టడానికి బండి వెడల్పు 20 సెంటీమీటర్లకు పైగా పెరిగింది. వెనక మడ్‌గార్డులు పాలియెస్టర్‌తో ఉబ్బుగా పోసి, వాటి ముందు వైపు నోళ్లు తెరిచారు. ఇంజనుకు గాలి అందేది అక్కడి నుంచే. రూపం బెర్టోనె స్టూడియో వాళ్లకు అప్పజెప్పారు. బరువు తగ్గించడానికి పైకప్పు, తలుపులు అల్యూమినియంతో చేశారు.

ఇంత కష్టం ఎందుకంటే, ర్యాలీ గెలవాలి. రెనోలో జాన్ తెరమొర్సీ 1976లో ఈ ఆలోచన లేవదీశాడు. గ్రూప్ 4 అనే ర్యాలీ తరగతిలో పోటీ పడాలంటే కనీసం 400 బండ్లు కట్టాలన్నది రూలు. టర్బో ఉంటే ఇంజను సైజును 1.4తో హెచ్చవేసి లెక్కగడతారు. 1397 సీసీని హెచ్చవేయండి: 1956. రెండు లీటర్ల తరగతి గీతకు ఇవతలే. ఈ లెక్క నాకు చాలా ఇష్టం. కొత్త ఇంజను గీయలేదు, పోత ఇనుము బ్లాకున్న పాత పుష్‌రాడ్ ఇంజనునే తీసుకున్నారు. రెనో 5 ఆల్పీన్‌లో 93 హార్స్‌పవర్ ఇచ్చిన ఆ ఇంజను, గ్యారెట్ టర్బో, ఇంటర్‌కూలర్ పెట్టాక 160 ఇచ్చింది.

ఎక్కండి. స్టీరింగు ఎడమ వైపు. తాళం తిప్పగానే చప్పుడు మీ చెవి వెనక నుంచి వస్తుంది, వేడి వీపుకు తగులుతుంది. యాక్సిలరేటర్ తొక్కండి. కాసేపు ఏమీ జరగదు. ముల్లు పైకెక్కుతుంటే టర్బో అందుకుంటుంది, వీపు సీటుకు అతుక్కుపోతుంది. వంపు మధ్యలో ఉలిక్కిపడి కాలు తీశారా, వెనక భాగం జారి మిమ్మల్ని దాటుకుని ముందుకు రావాలని చూస్తుంది. పొట్టి బండిలో బరువు వెనక పెడితే ఇది తప్పదు. వంపుకు ముందే వేగం తగ్గించి, మధ్యలో కాలు కదపకుండా ఉండేవాడికే ఇది లొంగుతుంది.

అలాంటివాడు ర్యాలీ డ్రైవరు జాన్ రన్యోత్తి. 1981 జనవరి, మాంటే కార్లో ర్యాలీ. ఆల్ప్స్ కొండదారుల్లో మంచు, పక్కన లోయ. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఆడి క్వాట్రో అప్పుడే రంగంలోకి దిగింది. హాన్ను మిక్కొలా దాన్ని ముందు వరసలో పరిగెత్తించి, అదుపు తప్పి గుద్దేశాడు. రన్యోత్తి, పక్క సీట్లో దారి చదివే జాన్-మార్క్ ఆంద్రియే, రెండు చక్రాల బలంతోనే మంచులో ఆ ఉబ్బు మడ్‌గార్డుల బండిని చివరిదాకా తెచ్చి ర్యాలీ గెలిచారు.