ఒప్పుకున్నాడు, కాదన్నాడు

పల్నాడులోని పులిపాడు చెరువు దగ్గర పొద్దుగూకే వేళ ఒక గుంపు మాటువేసి, వైరి వర్గం వాళ్లని కొట్టి చంపింది. బల్లేన్నీ కర్రనీ ఊళ్లో ఒకాయన వామిలో దాచానని, వస్తే చూపిస్తానని ముద్దాయిల్లో ఒకడు పోలీసులకి చెప్పాడు. ఆ వామి కథ గుంటూరు సెషన్స్ కోర్టు నుంచి మద్రాసు హైకోర్టుకి, అక్కణ్ణించి లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కి వెళ్లింది. ‘పులుకూరి కొట్టయ్య’ పేరుతో 1947 లా రిపోర్టులకెక్కిన ఆ తీర్పు చదవకుండా ఈ దేశంలో ఎవరూ క్రిమినల్ లాయరు కాలేరు. కాశ్మీరు కుర్రాడైనా పరీక్ష ముందు రాత్రి పల్నాడు వామి గురించి చదవాల్సిందే. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు భలే ముచ్చటేసింది.

తీర్పు రాసిన సర్ జాన్ బోమాంట్ ఆ వాంగ్మూలాన్ని రెండుగా చీల్చారు. ‘దాచాను, చూపిస్తాను’ అన్నది సాక్ష్యం. ‘కొట్టి చంపాం’ అన్నది కాదు. హత్య చేశానని మనిషి తన నోటితో చెబితే చట్టం చెవులు మూసుకోవడమేమిటి? చట్టానికి ఇంత అనుమానం ఎక్కణ్ణించి వచ్చిందా అని వెనక్కి వెళ్తే, దారి మళ్లీ మన జిల్లాల్లోకే వచ్చింది.

1854లో, మద్రాసు రాజధానిలో శిస్తు వసూలుకి రైతుల్ని చిత్రహింసలు పెడుతున్నారని బ్రిటిష్ పార్లమెంటులో గొడవ జరిగింది. ప్రభుత్వం ఇలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురితో విచారణ సంఘం వేసింది. గంజాం నుంచి నెల్లూరు దాకా, అటు కడప, బళ్లారి దాకా అప్పట్లో మద్రాసు రాజధానే. ఫిర్యాదులు చెప్పుకోవడానికి ఇచ్చిన గడువు కొద్ది నెలలు. అయినా 519 మంది స్వయంగా వచ్చి చెప్పుకున్నారు. మరో 1,440 మంది ఉత్తరాలు రాశారు. రైలు లేని కాలంలో, దారిఖర్చు ఇచ్చేవాళ్లు లేకుండా, రేపు మళ్లీ అదే తహసీల్దారు కింద బతకాలని తెలిసీ వచ్చారు వాళ్లు. ఆ తెగువని తలుచుకుంటే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

1855 నాటి నివేదిక హింసల్ని పేరుపేరునా చెప్పింది. రెండు కర్రల్ని ఒక కొసన కట్టి, మధ్యలో వేళ్లు పెట్టి నొక్కడం ఒకటి. తలని కాళ్ల దాకా వంచి తాడుతో కట్టి, వీపు మీద రాయి పెట్టి ఎండలో నిలబెట్టడం ఇంకొకటి. కళ్లల్లో కారం. బొడ్డు మీద పురుగుని పెట్టి పైన కొబ్బరి చిప్ప బోర్లించడం. ఎక్కువ ఫిర్యాదులు శిస్తు గురించినవే. కానీ 1816 నుంచీ తహసీల్దారే పోలీసు అధికారి కూడా. శిస్తు రాబట్టిన పద్ధతులతోనే నేరం ఒప్పుకోలూ రాబట్టారు. ఈ నివేదికని చదివి కార్ల్ మార్క్స్ 1857లో న్యూయార్క్ పత్రికలో వ్యాసం రాశాడు. 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చి, పోలీసుని రెవెన్యూ నుంచి విడదీసింది. 1861 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, పోలీసు ముందు ఒప్పుకోలు చెల్లదంది. జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ 1872 సాక్ష్య చట్టంలో దాన్నే 25వ సెక్షన్‌గా పెట్టాడు. ఎండలో తిరిగి సాక్ష్యం వెతకడం కంటే కళ్లల్లో కారం కొట్టడం పోలీసుకి ఎందుకు సుఖమో, భారతదేశంలో పనిచేసిన ఒక అధికారి తనకి చెప్పిన సంగతిని కూడా ఆయనే తర్వాత రాశాడు.

పోలీసు దారి మూశాక మిగిలింది మేజిస్ట్రేటు. ఆయన ముందు ఒప్పుకున్న ముద్దాయి, సెషన్స్ కోర్టులో ‘నేను అలా చెప్పలేదు, కొట్టి చెప్పించారు’ అని మాట మారిస్తే? హైకోర్టులు దీని మీద దశాబ్దాల పాటు తలో మాట అన్నాయి. 1957లో సర్వణ్ సింగ్ ముద్దాయిగా ఉన్న హత్య కేసు సుప్రీంకోర్టుకి వచ్చింది. పోలీసుల దగ్గరి నుంచి తెచ్చిన మనిషికి మేజిస్ట్రేటు ఆలోచించుకోమని ఇచ్చింది అరగంట. మామూలుగా కనీసం 24 గంటలైనా ఇవ్వాలని, నిజమై ఉండవచ్చు అన్నదానికీ నిజమై తీరాలి అన్నదానికీ మధ్య చాలా దూరముందని జస్టిస్ గజేంద్రగడ్కర్ రాశారు. 1962లో ప్యారేలాల్ భార్గవ కేసులో మన కోకా సుబ్బారావు దారి ఖాయం చేశారు. అది హత్య కేసు కాదు, ఆఫీసు ఫైలు దొంగతనం. మాట మార్చినంత మాత్రాన ఒప్పుకోలు కొట్టుకుపోదు, కానీ వేరే ఆధారం తోడు లేకుండా శిక్ష వేయడం వివేకం కాదని ఆ తీర్పు సారం.

ఇలాంటి తీర్పులు చదువుతుంటే ఒకటి మనసుని కెలుకుతుంది. ఒప్పుకోలుకి పేజీలకి పేజీలు. కాదనడానికి ఒక్క వాక్యం. ఎవరు కొట్టారు, ఎన్ని రాత్రులు నిద్ర పోనివ్వలేదు, మేజిస్ట్రేటు గది బయట ఎవరు నిలబడ్డారు, ఇవేవీ ఆ వాక్యంలో పట్టవు. నాటి విచారణ సంఘం ముందు ఆ మనుషులు గొంతు విప్పి చెప్పుకున్నది కూడా ఇలాంటివే. అప్పుడు వాటిని విని రాసుకున్నారు. ఆ శ్రద్ధ తర్వాత మనకి పోయింది.

1987లో వచ్చిన ఉగ్రవాద నిరోధక చట్టం టాడా, ఎస్పీ ముందు ఒప్పుకోలుని సాక్ష్యం చేసి పాత కంచెని పీకేసింది. రాజీవ్ గాంధీ హత్య కేసులో 17 మంది ఒప్పుకోళ్లు అలా నమోదైనవే. తర్వాత కాదన్నారు. 1998లో ప్రత్యేక కోర్టు మొత్తం 26 మంది ముద్దాయిలకీ ఉరిశిక్ష వేసింది. 1999లో సుప్రీంకోర్టు టాడా నేరం రుజువు కాలేదంటూనే ఆ వాంగ్మూలాల్ని మాత్రం సాక్ష్యంగా ఉంచుకుంది, నలుగురికి ఉరి ఖాయం చేసింది. వారిలో పేరరివాళన్ తాను రెండు బ్యాటరీలు కొనిచ్చానని చెప్పినట్టు నమోదైంది. అవి దేనికో తనకి తెలియదని కూడా అతను అన్నాడని, ఆ మాట తాను రాయలేదని, వాంగ్మూలం నమోదు చేసిన అధికారే 2013లో, రిటైరయ్యాక బయటపెట్టారు. 2022 మే 18న పేరరివాళన్ విడుదలయ్యాడు. అందుకు కారణం ఈ రాయని మాట కాదు, క్షమాభిక్ష ఫైలు మీద జరిగిన జాప్యం.

మేజిస్ట్రేటు ముందు ఒప్పుకోలుని న్యాయవాది సమక్షంలో వీడియో తీయవచ్చని 2009లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌కి సవరణ వచ్చింది. ఆ కోడ్ స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 183వ సెక్షన్ కూడా ‘తీయవచ్చు’ దగ్గరే ఆగింది. హత్య కేసుల్లోనైనా అది ‘తీయాలి’ అని మారాలి. ముద్దాయి ఏ స్థితిలో వచ్చాడో, ఏమన్నాడో, ఏది రాసుకోకుండా వదిలేశారో అప్పీలు వినే జడ్జీలు తమ కళ్లతో చూడాలి.