మెటికల చప్పుడు - ఒక పరిశోధన కథ

వ్రేళ్ళను వంచి మెటికలు విరుచుట అందరెరిగిన అలవాటు. పసిబిడ్డలకు దిష్టి తీయునపుడు పెద్దలు తమ కణతలకు చేతులానించి మెటికలు విరుచుదురు. క్షౌరశాలలలో తలకు మర్దనము చేసిన పిదప మెడను చటుక్కున త్రిప్పుటయు కలదు. ఇట్టి సమయములందు వినబడు చప్పుడు ఎక్కడినుండి వచ్చును? ఎముకలు ఒకదానికొకటి తగులుటవలననా? తొలగిన ఎముక తన చోటికి చేరుటవలననా? ఈ చిన్న ప్రశ్నకు ఒక చికిత్సా విధానముతో దగ్గరి సంబంధము కలదు.

ఆ విధానము పేరు కైరోప్రాక్టిక్. 'చేతితో చేయునది' అని అర్థమిచ్చునట్లు గ్రీకు మాటలనుండి ఈ పేరు కల్పింపబడెను. అమెరికాలోని అయోవా రాష్ట్రమున, డావెన్‌పోర్ట్ నగరములో డానియల్ డేవిడ్ పామర్ దీనిని ప్రారంభించెను. 1895లో అతడు హార్వే లిల్లార్డ్ అను సేవకుని వెన్నులో ఒక పూస తొలగియున్నదని తలచి, దానిని చేతితో నొక్కి సరిచేసితిననియు, దానితో అతని చెవుడు తగ్గినదనియు చెప్పెను. 1897లో ఒక పాఠశాలను స్థాపించెను. తొలగిన పూసలు నరములకు అడ్డుపడుటవలననే చాల వ్యాధులు కలుగునని అతని సిద్ధాంతము. వైద్యులు దీనిని అంగీకరింపలేదు. వినికిడి నరము చెవినుండి కపాలములోనే మెదడును చేరును, వెన్నుపూసలగుండ పోదు. కాని పూసను నొక్కినపుడు చప్పుడు వినబడుట మాత్రము నిజము. పూస తన చోటికి చేరినదనుటకు ఆ చప్పుడే సాక్ష్యమని రోగులు నమ్ముచుండిరి.

ఆ సాక్ష్యము పరీక్షకు వచ్చినది మాత్రము వెన్నులో కాదు, వ్రేలిలో. 1947లో లండనులో రోస్టన్, హెయిన్స్ అను పరిశోధకులు వ్రేలిని క్రమముగ ఎక్కువ బలముతో లాగుచు ఎక్స్-కిరణ చిత్రములు తీసిరి. మొదట ఎముకల నడుమ ఎడము కొద్దికొద్దిగా పెరిగెను. ఒక స్థితిలో ఎముకలు హఠాత్తుగా దూరమయ్యెను, చప్పుడు వినబడెను. చిత్రములో కీలు నడుమ ఒక ఖాళీ కనబడెను. ఆపై సుమారు 20 నిమిషములవరకు ఆ కీలు మరల పలుకలేదు.

ఇందలి మర్మము తెలియుటకు కీలు నిర్మాణము నెరుగవలెను. ఎముకల కొనలు మృదులాస్థితో కప్పబడి ఒక సంచిలో ఇమిడియుండును. ఆ సంచిలో కందెనవలె పనిచేయు చిక్కని ద్రవము కలదు. అందు బొగ్గుపులుసు వాయువు మొదలగునవి కరగియుండును. ఎముకలను లాగినపుడు సంచిలో చోటు పెరిగి, పీడనము తగ్గును. పీడనము తగ్గినకొలది ద్రవములో వాయువు కరుగుట తగ్గునని హెన్రీ నియమము. సోడాబుడ్డిని తెరచినపుడు బుడగలు పైకి వచ్చునట్లే, కీలులోను బుడగ పుట్టును. ఆ వాయువు మరల కరగువరకు చప్పుడు రాదు.

అయితే చప్పుడు బుడగ పుట్టునపుడు వచ్చునా, పగులునపుడా? బుడగ కూలుటవలననే వచ్చునని 1971లో ఇంగ్లండులోని లీడ్స్ పరిశోధకులు అన్‌స్వర్త్, డౌసన్, రైట్ తేల్చిరి. 2015లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయమున గ్రెగ్ కౌచుక్ బృందము ఎం.ఆర్.ఐ. యంత్రములో 10 కీళ్ళను లాగి వరుస చిత్రములు తీసెను. జెరోమ్ ఫ్రయర్ అను కైరోప్రాక్టిక్ చికిత్సకుడు తన వ్రేళ్ళనే ఈ పరీక్షకు ఇచ్చెను. సెకనులో మూడవవంతుకన్న తక్కువ కాలములో ఖాళీ ఏర్పడెను. చప్పుడు తరువాత కూడ అది నిలిచియుండెను. కావున బుడగ పుట్టుకయే కారణమని వారనిరి.

ఈ చిక్కును విప్పుటకు పూనుకొన్నవాడు ఒక విద్యార్థి. ఫ్రాన్సులోని ఎకోల్ పాలిటెక్నిక్‌లో చదువుచుండగా మెటికలు విరుచుకొను అలవాటే వినీత్ చంద్రన్ సుజాకు ఈ ఆలోచన కలిగించెను. అధ్యాపకుడు అబ్దుల్ బరాకత్‌తో కలిసి అతడు మూడు మెట్ల గణిత నమూనా నిర్మించెను: కీలులో పీడనము మారుట, దానివలన బుడగ పరిమాణము మారుట, దానివలన ధ్వని పుట్టుట. బుడగ పూర్తిగా కాక, కొంత కూలినను చాలు, చప్పుడు వచ్చునని లెక్కలో తేలెను. అటుల వచ్చిన ధ్వని, నిజముగా రికార్డు చేసిన మెటికల ధ్వనితో సరిపోలెను. కూలగా మిగిలిన చిన్న బుడగలే 2015 నాటి చిత్రములలో కనబడిన ఖాళీ కావచ్చును. 2018లో ఈ ఫలితము ప్రకటింపబడెను. వివాదము పూర్తిగా ముగియకున్నను, రెండు పక్షముల పరిశీలనలును ఒక లెక్కలో ఇమిడినవి.

ఇక వెన్ను మాట. 2004లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయ పరిశోధకులు చికిత్సకులు నొక్కునపుడు చప్పుడు ఏ పూసవద్ద పుట్టునో గుర్తించిరి. నడుము భాగమున అది తలచినచోట వచ్చినది ఇంచుమించు సగము సార్లే; సగటున 5 సెంటీమీటర్ల దూరమున వచ్చెను. చప్పుడు వినబడినవారికి, వినబడనివారికి నడుమునొప్పి తగ్గుటలో భేదము లేదని 2003లో అమెరికాలో మరియొక పరిశీలన తెలిపెను. కైరోప్రాక్టిక్ చికిత్స నడుమునొప్పికి వ్యాయామాదులతో సమానముగ కొంత ఉపశమన మీయగలదు. చెవుడు వంటివాటిని కుదుర్చుననుటకు ఆధారము లేదు.

వ్రేళ్ళ మెటికలు విరుచుటవలన కీళ్ళవాతము వచ్చునను భయమునకు ఋజువు కనబడలేదు. మెడ సంగతి వేరు. మెడపూసల రంధ్రములగుండ మెదడునకు రక్తము కొనిపోవు ధమనులు కలవు. మెడను హఠాత్తుగా త్రిప్పినపుడు, అరుదుగానైనను, ఆ ధమని గోడ చీలి పక్షవాతము కలిగిన సందర్భములు వైద్యులు నమోదు చేసియున్నారు. కుర్చీలో కూర్చున్నవాడు 'మెడ వద్దు' అని ముందుగా ఒక మాట చెప్పుట మేలు. చప్పుడు బుడగదే, ధమని మాత్రము తనది.