వీరగల్లు

ముండ్లమూరు నుంచి అద్దంకి వైపు పల్లెదారి పట్టినప్పుడు పొలిమేరలో పాత నిలువురాయి కనబడితే బండి ఆపండి. పోరులో పడిన మనిషి కోసం నిలిపినదైతే దాని పేరు వీరగల్లు. కల్లు అంటే రాయి. తమిళంలో 'కల్', కన్నడంలో 'కల్లు' ఇప్పటికీ రోజువారీ మాటలే. మన దగ్గర రాయి ఆ చోటు తీసుకుంది. అయినా కల్లు పోలేదు. పెళ్లిపీటల దగ్గర సన్నికల్లు, వంటింట్లో కల్లుప్పు, ఏకశిల అయిన ఓరుగల్లు. వీర పక్కన చేరేసరికి కకారం గకారమైంది, అంతే.

రాయిని దగ్గరగా చూడండి. కింద కత్తి దూసిన వీరుడు, ఆపైన అతణ్ణి స్వర్గానికి తీసుకుపోయే అప్సరసలు, చాలావాటి మీద శివలింగం, పైఅంచున సూర్యచంద్రులు. వాళ్లున్నంత కాలం ఇతని పేరుండాలని ఊరి కోరిక.

అద్దంకిలో దొరికిన పండరంగని పద్యశాసనం 848 నాటిది. అదీ ఒక యోధుడి గెలుపు గురించే. అదే శతాబ్దంలో స్వీడన్‌లో వారిన్ అనే తండ్రి, పోయిన కొడుకు వామోద్ కోసం రోక్ అనే చోట పెద్ద రాయి మీద రూన్ లిపిలో రాసి నిలిపాడు. దాని మీద అక్షరాలు దాదాపు 760. మన వీరగల్లుల్లో చాలావాటికి ఒక్క అక్షరమూ లేదు. అరిగిన ఆ కత్తి అంచు మాత్రం ఇంకా వేలికి తగులుతుంది.