ఆటపుస్తకములు: కొనదగిన వేవి?

ఒకడు కథ నడుపగా, తక్కినవారు పాత్రలు వహించి, పాచికలు వేసి ఫలితము తేల్చుకొను ఆట యొకటి కలదు. అమెరికాలో 1974లో గైగాక్సు, ఆర్నెసను అనువారు దానిని 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' అను పేర మూడు చిన్న పుస్తకములుగా వెలువరించిరి. తొలికూర్పు 1000 ప్రతులు. వెల 10 డాలర్లు.

1977 మొదలు 1979 వరకు నియమములు మూడు పెద్ద గ్రంథములుగా పెరిగెను. పిదప కల్పితలోక వర్ణనలు, సాహసకథలు లెక్కకు మిక్కిలిగా వచ్చెను. తుదకు అమ్ముడుపోని ప్రతులు తిరిగివచ్చి, సంస్థ యప్పులపాలై, 1997లో పరుల చేతికి పోయెను.

అచ్చువేయువాని యవసరము వేరు, ఆడువాని యవసరము వేరు. 2023లో మూలనియమములలో చాలభాగమును ప్రకాశకులే లోకమునకు ఉచితముగ నిచ్చిరి. కావున మనుమలు డబ్బడిగినచో, ముందు వానితో ఆడి చూడుడని చెప్పవలెను. ఏ పుస్తకము లేక ఆట సాగదో దానినే కొనిపెట్టవలెను.