పోయిన పేజీ తిరిగొచ్చిన దారి

తెలుగు పుస్తకాల్లో చాలా భాగం పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేరులో తయారైన కాలం ఒకటుంది. హైదరాబాద్, విజయవాడల డీటీపీ సెంటర్లలో 'అను' ఫాంట్లతో మ్యాటర్ కంపోజ్ చేసి, పేజీలు కట్టి, ప్రింటు తీసి ప్రెస్సుకు పంపేవారు. ఆ గదుల్లో అందరినీ వెంటాడిన భయం కరెంటు కోత. యూపీఎస్ లేని చోట, ఉన్నా బ్యాటరీ నీరసించిన చోట, రెప్పపాటులో తెర నల్లబడేది. కరెంటు వచ్చాక ఫైలు తెరిస్తే మాత్రం ఒక్కోసారి ఆశ్చర్యం ఎదురయ్యేది. ఆపరేటరు సేవ్ కొట్టని మార్పులు కూడా అందులో కనిపించేవి.

అందులో అదృష్టం పాత్రేమీ లేదు. పేజ్‌మేకర్ తనంతట తానే 'మినీ సేవ్' చేసుకునేది. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లినా, కొత్త పేజీ చేర్చినా, ఉన్న పేజీ తీసేసినా, ప్రింటు ఇచ్చినా అప్పటిదాకా జరిగిన పనిని డిస్కులో రాసిపెట్టేది. అసలు విశేషం ఇంకా ఉంది. మినీ సేవ్ జరిగినా, ఆపరేటరు చివరిసారి స్వయంగా సేవ్ చేసిన రూపం చెరిగిపోయేది కాదు. ఫైల్ మెనూలో రివర్ట్ నొక్కితే ఆ పాత రూపం వచ్చేది. షిఫ్ట్ పట్టుకుని రివర్ట్ నొక్కితే చివరి మినీ సేవ్ దగ్గరికి చేరేది. ఒకే ఫైలులో రెండు గతాలు, రెండింటికీ విడివిడి దారులు.

పని పోవడంలోనూ రెండు రకాలున్నాయి. చేసిన మార్పులు డిస్కుకు చేరకముందే యంత్రం ఆగిపోవడం ఒకటి. పాత ఫైలు మీద కొత్తది సేవ్ అయిపోయి, పాతది తుడిచిపెట్టుకుపోవడం రెండోది. మాటిమాటికీ సేవ్ చేయడం మొదటి జబ్బుకు మందు. రెండో జబ్బు ఆ మందు వల్లే వస్తుంది. డిజైన్ సాఫ్ట్‌వేర్ల చరిత్రలో ఈ రెండింటి మధ్య పెనుగులాట దశాబ్దాల పాటు సాగింది. ప్రతి దశలోనూ మెమరీ, డిస్కు ఎంత దొరుకుతాయన్నదే హద్దులు గీసింది.

1974లో అమెరికాలోని జిరాక్స్ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో బట్లర్ లాంప్సన్, చార్లెస్ సిమోన్యీ, వారి సహచరులు ఆల్టో అనే కంప్యూటరు కోసం బ్రావో అనే ఎడిటర్ తయారుచేశారు. కాగితం మీద ఎలా వస్తుందో తెర మీద అలాగే చూపించిన తొలి ఎడిటర్లలో ఇదొకటి. ఆల్టో తరచూ ఆగిపోయేది. అందుకని బ్రావో తన ముందు కూర్చున్న మనిషి నొక్కిన ప్రతి మీటనూ, ఇచ్చిన ప్రతి ఆదేశాన్నీ వరుసగా డిస్కులో నమోదు చేసుకునేది. యంత్రం ఆగిపోయి మళ్లీ లేచాక ఆ నమోదును తిరిగి నడిపిస్తే, పని మొత్తం మొదటి నుంచి తెర మీద మళ్లీ జరిగేది. పోయేది చివరి క్షణాల పని మాత్రమే.

పొరపాటును వెనక్కి తీసుకోవడం అప్పటికి అంత మామూలు సౌకర్యం కాదు. 1976లో ఐబీఎం పరిశోధకులు లాన్స్ మిల్లర్, జాన్ థామస్ ఒక నివేదికలో, కనీసం చివరి ఆదేశాన్నైనా వెనక్కి తీసుకునే వీలు వాడేవాళ్లకు ఎంతో మేలని రాశారు. ఆ రోజుల్లో దాన్ని ఒక కోరికగా చెప్పుకోవలసి వచ్చింది. 1983లో వచ్చిన యాపిల్ లీసాలో అన్‌డూ మెనూలోకి చేరింది, జడ్ మీట దానికి గుర్తయింది. లీసాలో ఇంకో మంచి ఏర్పాటు కూడా ఉండేది. పవర్ బటన్ నొక్కగానే యంత్రం ఆరిపోయేది కాదు. తెరిచి ఉన్న పత్రాలను భద్రపరిచి ఆ తర్వాతే ఆగేది. మళ్లీ ఆన్ చేస్తే వదిలిన చోటే తెర సిద్ధంగా ఉండేది.

మరుసటి ఏడాది మ్యాకింటోష్ వచ్చేసరికి పొదుపు తప్పలేదు. దాని మెమరీ మొత్తం 128 కిలోబైట్లు. బిల్ అట్కిన్సన్ అందులోనే మ్యాక్‌పెయింట్‌ను ఇమిడ్చాడు. తెర మీద కనిపించని చోట రెండు బొమ్మలు దాచుకునేలా దాన్ని రాశాడు. ఒకటి ఇప్పటి బొమ్మ, రెండోది దానికి ముందరి బొమ్మ. అన్‌డూ నొక్కితే ఆ రెండోది వచ్చేది. అంతకంటే వెనక్కి వెళ్లాలంటే మూడో బొమ్మకు చోటు కావాలి. ఆ చోటు లేదు. ఒక్క అడుగే వెనక్కి అనే నియమానికి కారణం ఇంతే.

పేజ్‌మేకర్ పుట్టింది ఈ ఇరుకులోనే. పాల్ బ్రెయినెర్డ్ సియాటిల్‌లో స్థాపించిన ఆల్డస్ సంస్థ 1985లో మ్యాక్ కోసం, 1987లో విండోస్ కోసం దాన్ని విడుదల చేసింది. అన్‌డూ ఒక్కసారికే పనిచేసేది. కొన్ని పనులకు అదీ లేదు. ఆ లోటు తెలిసినవాళ్లకు మినీ సేవ్ విలువ మరింత బాగా అర్థమయ్యేది. దానికో ఖరీదు కూడా ఉండేది. పాత రూపాల అవశేషాలు పేరుకుని ఫైలు ఉబ్బేది. సేవ్ యాజ్ కొడితే మళ్లీ చిక్కేది. ఫ్లాపీలో పట్టించాల్సిన రోజుల్లో ఆపరేటర్లకు ఈ కిటుకు తెలియక తప్పేది కాదు.

ఇంజినీర్ల దారి వేరు. 1982 చివర్లో మార్కెట్లోకి వచ్చిన ఆటోక్యాడ్‌లో అన్‌డూ 1986 నాటి 2.5 వెర్షన్‌లో చేరింది. అయితే రెండో జబ్బుకు అక్కడ సాదాసీదా మందు కుదిరింది. సేవ్ చేసిన ప్రతిసారీ అంతకుముందరి డ్రాయింగు చెరిగిపోకుండా, అదే పేరుతో, చివర 'బీఏకే' అన్న తోకతో పక్కన నిలిచేది. ఆ తోకను 'డీడబ్ల్యూజీ'గా మారిస్తే ఒక సేవ్ వెనకటి ప్లాను తెరుచుకుంటుంది. నేటికీ ఇది పనిచేస్తుంది. మొదటి జబ్బు కోసం నిర్ణీత వ్యవధిలో టెంప్ ఫోల్డర్‌లో ఇంకో ప్రతి తయారవుతుంది. దాని తోక 'ఎస్‌వీ డాలర్'. యంత్రం ఆగిపోతే దాని పేరు కూడా మార్చి తెరవాలి. ఇవన్నీ వెతుక్కునే పని లేకుండా ఒకే చోట చూపించే డ్రాయింగ్ రికవరీ మేనేజర్ 2006 వెర్షన్‌తో వచ్చింది. కోరెల్‌డ్రాలో 'బ్యాకప్ ఆఫ్' అన్న పేరుతో పక్కన చేరే ఫైళ్లు ఇదే పద్ధతి. పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు చేసే షాపుల్లో వాటిని చెత్త అనుకుని తీసేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తీసేయకపోవడమే మంచిది.

ఫొటోషాప్ కథలో ఆలస్యం ఎక్కువ. 1990లో వచ్చిన తొలి వెర్షన్ నుంచి ఎనిమిదేళ్ల పాటు ఒక్క అన్‌డూతోనే నడిచింది. ఒక్కో బొమ్మా ఎన్నో మెగాబైట్లు తినేది కనుక ప్రతి అడుగునూ దాచడం ఆనాటి యంత్రాలకు భారమే. 1998లో 5.0 వెర్షన్‌తో హిస్టరీ ప్యాలెట్ వచ్చింది. మామూలుగా 20 అడుగులు గుర్తుపెట్టుకునేది. హిస్టరీ బ్రష్‌తో బొమ్మలో ఒక మూలను మాత్రమే పాత స్థితికి తీసుకెళ్లే వీలు కూడా దక్కింది. కానీ ఫైలు మూసేస్తే ఆ చరిత్ర అంతా పోతుంది. యంత్రం ఆగిపోయినా అంతే. తనంతట తాను రికవరీ సమాచారం దాచుకోవడం 2012 నాటి సీఎస్6లో గాని రాలేదు. పది నిమిషాలకోసారి, పని ఆపకుండా, అసలు ఫైలును ముట్టకుండా.

ఈ ఏర్పాట్లన్నింటిలో ఒక కంత మిగిలిపోయింది. మార్పులు సేవ్ చేయాలా అని అడిగినప్పుడు అలసటలో 'నో' నొక్కితే, సాఫ్ట్‌వేరు దాన్ని మనిషి తీసుకున్న నిర్ణయంగా లెక్కేసి రికవరీ ఫైలును తీసేస్తుంది. యంత్రం పొరపాటుకు విరుగుడు ఉంది, మనిషి పొరపాటుకు లేదు. ఈ కంతను పూడ్చినవాటిలో త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ చెప్పుకోదగ్గది. మూసేసేటప్పుడు చివరి స్థితిని 'క్విట్ డాట్ బ్లెండ్' పేరుతో టెంప్ ఫోల్డర్‌లో దాస్తుంది. తిరిగి తెరిచి, లాస్ట్ సెషన్ రికవర్ చేయమంటే అది వచ్చేస్తుంది.

2011లో యాపిల్ లయన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో 'సేవ్ చేయాలా' అన్న ప్రశ్ననే తీసేయాలని చూసింది. ఆ పద్ధతికి మారిన ప్రోగ్రాముల్లో ఫైలు దానంతట అదే సేవ్ అవుతుంది, పాత రూపాలు వెర్షన్లుగా నిలుస్తాయి. సేవ్ యాజ్ పోయి దాని స్థానంలో డూప్లికేట్ వచ్చింది. పాత ఫైలు తెరిచి, నాలుగు మార్పులు చేసి, కొత్త పేరుతో దాచుకోవడం అలవాటైనవాళ్లకు ఇది ఇబ్బంది అయింది. పాతది చెక్కుచెదరకుండా ఉంటుందన్న వాళ్ల నమ్మకమే దెబ్బతింది. మరుసటి ఏడాది మౌంటెన్ లయన్‌లో ఆప్షన్ మీట పట్టుకుంటే సేవ్ యాజ్ మళ్లీ కనిపించసాగింది. ఆటోసేవ్ ఒక్కటే ఉంటే చాలదనీ, దాని వెనుక వెర్షన్లు సులువుగా అందాలనీ ఆ అనుభవం తేల్చింది. ఫిగ్మా వంటి నేటి డిజైన్ సాధనాల్లో ఆటోసేవ్, వెర్షన్ హిస్టరీ జంటగా కనిపించడం ఈ వరుసలోదే. ఒకే ఫైలులో రెండు గతాలు దాచిన పేజ్‌మేకర్ ఈ అవసరాన్ని ఎంతో ముందే గుర్తించింది.

1994లో అడోబీ ఆల్డస్‌ను కలుపుకుంది. ఆల్డస్‌లో మొదలైన కొత్త పేజీ సాఫ్ట్‌వేరు పని 1999లో ఇన్‌డిజైన్‌గా బయటికొచ్చింది. పేజ్‌మేకర్ 2001 నాటి 7.0తో ఆగిపోయింది. తెలుగు నేలలో మాత్రం అది ఆగలేదు. యూనికోడ్ కాని ఫాంట్లతో అలవాటు పడిన పని అందులోనే ఏళ్ల తరబడి సాగింది. ఇప్పుడు ఆ ఫైళ్లకు మూడో రకం ముప్పు వచ్చింది. సేవ్ అయిన పనే తెరుచుకోకపోవడం. పేజ్‌మేకర్ ఫైళ్లను నేరుగా తెరవగలిగిన చివరి ఇన్‌డిజైన్ సీఎస్6. తెరిచినా, ఆనాటి ఫాంటు లేకపోతే అక్షరాల బదులు అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. ఫాంటు దొరికినా మ్యాటర్‌ను యూనికోడ్‌లోకి మార్చి, ప్రూఫు దిద్దాల్సిందే. పాత కంప్యూటర్లు ఇంకా లేస్తున్నప్పుడే, ఆ ఫాంట్ల కీబోర్డు తెలిసిన ఆపరేటర్లు అందుబాటులో ఉన్నప్పుడే ప్రచురణకర్తలు, రచయితల కుటుంబాలు ఈ పని మొదలుపెట్టాలి. సీడీల్లో, అటక మీది హార్డ్ డిస్కుల్లో ఉన్న పుస్తకాలకు షిఫ్ట్ రివర్ట్ వంటి దగ్గరి దారి లేదు.