‘అతడు’ అన్నచోట ఆమె

పొదిలి బడుల్లో ఇంగ్లీషు వ్యాకరణం చదివిన తరాలన్నీ ఒక సూత్రాన్ని బట్టీ పట్టాయి. వాక్యం ‘ప్రతి విద్యార్థీ’ అని మొదలైతే తర్వాత వచ్చే సర్వనామం ‘హి’ కావాలి, ‘హిజ్’ కావాలి. బెంచీల మీద సగం మంది ఆడపిల్లలే ఉన్నా అలాగే రాయాలి. ఎందుకలా అని అడిగిన పిల్లకు దొరికే జవాబు ఒక్కటే: పుంలింగంలోనే స్త్రీలింగమూ ఇమిడి ఉంటుంది, ఇంగ్లీషు తీరే అంత. ఆ జవాబు నిజం కాదు. సూత్రాన్ని మనుషులు తయారుచేశారు. ఎవరు, ఎప్పుడు, ఏ అవసరానికి చేశారో చాలావరకు కాగితం మీదే ఉంది. ఆ కాగితాల్లో కొన్ని మద్రాసు, కలకత్తాల మీదుగా మన తాలూకాల దాకా వచ్చి ఆడవాళ్ల హక్కులకు అడ్డం నిలిచాయి. అందుకే ఈ కథ మనం తెలుసుకోవాలి.

సూత్రం పుట్టకముందు ఇంగ్లీషువాళ్లకు ఈ చిక్కే లేదు. ఆడో మగో తెలియని ఒక్క మనిషి గురించి చెప్పాల్సి వస్తే బహువచనపు ‘దే’ వాడుకునేవాళ్లు. 14వ శతాబ్దపు కావ్యాల్లోనే అది కనిపిస్తుంది. షేక్‌స్పియర్ వాడారు, సూత్రం వచ్చాక కూడా జేన్ ఆస్టిన్ ధారాళంగా వాడారు. అయితే బడుల్లో గౌరవం లాటిన్‌ది. విలియం లిలీ పేరు మీద 16వ శతాబ్దం నుంచి ఇంగ్లండులో పాతుకుపోయిన లాటిన్ వ్యాకరణం, స్త్రీలింగం కన్నా పుంలింగమే యోగ్యమైనదని పిల్లలకు నేర్పింది. తర్వాతి పండితులు ఆ కొలతతోనే ఇంగ్లీషునూ కొలిచారు. 1740లలో న్యూకాజిల్‌లో ఆన్ ఫిషర్ అనే ఉపాధ్యాయురాలు వ్యాకరణం రాస్తూ, ఆడమగ ఇద్దరికీ చెందే మాటకు పుంలింగ సర్వనామం సరిపోతుందన్నారు. ఇంగ్లీషు వ్యాకరణం రాసిన తొలి మహిళల్లో ఆమె ఒకరు. ఆ మాట ఆమె కలం నుంచే రావడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. కానీ ఆనాటి పండితుల పక్కన చోటు దక్కాలంటే వాళ్ల కొలబద్దే చేతపట్టుకోవాలి. 1795లో లిండ్లీ మరే తన వ్యాకరణంలో, ‘ఎవరైనా’ అన్నాక ‘దే’ వాడిన వాక్యాన్ని తప్పుల కింద చూపించి ‘హి’గా దిద్దారు. ఆ పుస్తకం ఎడిషన్ల మీద ఎడిషన్లు పడి సముద్రాలు దాటింది.

వ్యాకరణంలో ఉన్నంతవరకు అది మార్కుల గొడవ. 1850లో బ్రిటిష్ పార్లమెంటు దానికి చట్టం బలం ఇచ్చింది. లార్డ్ బ్రూమ్ తెచ్చిన ఆ చట్టం ఉద్దేశం శాసనాల భాషను కుదించడమే. వేరుగా చెబితే తప్ప, పుంలింగ పదం ఉన్నచోటల్లా స్త్రీలనూ కలుపుకోవాలన్నారు. 17 ఏళ్లకు దానికి పరీక్ష వచ్చింది. 1867లో ఓటు హక్కును విస్తరించే బిల్లు మీద జాన్ స్టువర్ట్ మిల్ ఒక సవరణ పెట్టారు: ‘మ్యాన్’ తీసేసి ‘పర్సన్’ అనండి. 73 మంది అవునన్నారు, 196 మంది కాదన్నారు. చట్టంలో ‘మ్యాన్’ ఉండిపోయింది. అలాగే కానివ్వండి, 1850 చట్టం ప్రకారం ‘మ్యాన్’లో మేమూ ఉన్నాం కదా అంటూ మాంచెస్టర్‌లో 5,346 మంది మహిళలు ఓటర్ల జాబితాలో తమ పేర్లు అడిగారు. 1868లో కోర్టు కుదరదంది. అనాదిగా స్త్రీలకు లేని హక్కు ఒక్క పదం చాటున వచ్చేయదన్నారు న్యాయమూర్తులు. 1872లో అమెరికాలో ఓటు వేసి, ఆ ‘నేరానికి’ 100 డాలర్ల జరిమానా పడిన సూసన్ బి. ఆంథొనీ ఈ రెండు నాల్కల పద్ధతిని సూటిగా నిలదీశారు. చట్టంలోని ‘హి’లో మేం లేమంటారా, అయితే పన్నులూ శిక్షలూ కూడా మాకు వర్తించకూడదు.

ఆ రోజుల్లో పొదిలి నెల్లూరు జిల్లాలో, వెంకటగిరి జమీందారీ కింద ఉండేది. శిస్తు ఎవరికి కట్టినా నేరానికి శిక్ష మాత్రం కలకత్తాలో ఇంగ్లీషులో రాసిన పుస్తకం ప్రకారమే. భారత శిక్షా స్మృతి 1862 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ‘హి’ అన్న సర్వనామం పురుషుడికైనా స్త్రీకైనా వర్తిస్తుందని దాని 8వ సెక్షన్. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 13వ సెక్షన్ అదే మాటను మిగతా కేంద్ర చట్టాలకూ పరిచింది, సందర్భానికి విరుద్ధమైతే తప్ప అనే మెలికతో. ఆ మెలిక ఎవరి మెడకు చుట్టుకుందో 1916లో తెలిసింది. కలకత్తాలో లా చదివిన రెజీనా గుహ ప్లీడరుగా నమోదు చేయమని దరఖాస్తు పెట్టారు. లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టంలో పుంలింగ పదాలే ఉన్నాయి, అందులో స్త్రీలూ ఉన్నట్టేనని 13వ సెక్షనే చెబుతోంది. హైకోర్టులో ఐదుగురు న్యాయమూర్తులు కూర్చుని, ఇక్కడ మాత్రం కలవరని తేల్చారు. దొంగతనం చేస్తే ‘హి’లో ఉన్న ఆడమనిషి, కోర్టులో వాదిస్తానంటే ‘హి’లో లేకుండా పోయింది. చివరికి 1923లో, ఆడవాళ్లయినంత మాత్రాన న్యాయవాద వృత్తికి అనర్హులు కారని ప్రత్యేకంగా ఒక చట్టం చేయాల్సి వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1921లో స్త్రీలకు ఓటు వచ్చింది కూడా శాసనమండలి ఆ అనర్హతను పేరుపెట్టి ఎత్తేసినందువల్లే. ‘హి’లో కలిసి ఉండటం వల్ల వచ్చిన హక్కు ఒక్కటి కూడా నాకు కనపడలేదు. పేరుపెట్టి అడిగితేనే వచ్చాయి. గుంటూరు జిల్లాలో పుట్టిన కె. అమరేశ్వరి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి అయ్యేసరికి 1978 వచ్చింది.

ఇదంతా పరాయి భాష పాపం అనుకుని ఊరుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. పొదిలి పొగాకు వేలం కేంద్రానికి కొడుకు వచ్చాడు, కూతురు వచ్చింది, లారీ వచ్చింది. కూతురికీ లారీకీ ఒకటే క్రియ. మన వ్యాకరణవేత్తలు పురుషుణ్ణి ‘మహత్తు’ అన్నారు, పశుపక్ష్యాదుల్నీ వస్తువుల్నీ ‘అమహత్తు’ అన్నారు. ఏకవచనంలో ఆడమనిషి క్రియ ఆ రెండో గుంపుతోనే నడుస్తుంది. బహువచనంలోకి వస్తే మాత్రం లారీలు ‘వచ్చాయి’, కూతుళ్లు ‘వచ్చారు’. ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు ద్రావిడ భాషల మీద 2003లో వెలువరించిన మహాగ్రంథంలో దీని వెనక కథ ఉంది. ఆయన పునర్నిర్మించిన మూల ద్రావిడంలో, ఆడవాళ్లు మాత్రమే ఉన్న గుంపు బహువచనంలో కూడా మానవేతరాల వైపే ఉంటుంది. గోండి, కొలామీ లాంటి భాషల్లో ఈనాటికీ ఆ పద్ధతే. అంటే తెలుగు ఎప్పుడో ఒకప్పుడు కదిలి, బహువచనంలో ఆడవాళ్లను మనుషుల వైపు తెచ్చుకుంది. ఏ పార్లమెంటూ చెప్పకుండా, ఏ పండితుడూ దిద్దకుండా, మాట్లాడే జనం చేసిన మార్పు ఇది. నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా ధైర్యం ఇచ్చేది ఇదే.

ఆ బహువచనాన్నే మనం గౌరవానికీ వాడుకున్నాం. డాక్టరు గారు వచ్చారు అంటే ఆ డాక్టరు ఆడో మగో చెప్పనక్కర లేదు. ఇంగ్లీషు ‘దే’ ఒక్క మనిషికి చేసే పనిని మన ‘వారు’ ఎప్పట్నుంచో చేస్తోంది. కానీ ఆ మర్యాద అందరికీ అందదు. ఊళ్లోకి కలెక్టరమ్మ ‘వచ్చారు’, మిరప కోతకు కూలికి పిలిచిన ఆమె ‘వచ్చింది’. ఇద్దరూ ఆడవాళ్లే. ఆ తేడాను వ్యాకరణం పెట్టలేదు, మనం పెట్టాం. అది మన నోటితోనే పోవాలి.

ఇంగ్లీషులో దారి వెతికినవాళ్లు తక్కువేమీ కాదు. అమెరికన్ సంగీతకర్త చార్లెస్ క్రోజట్ కన్వర్స్ 1884లో ‘థాన్’ అనే కొత్త సర్వనామాన్ని జనం ముందు పెట్టారు. ఆడమగ ఎవరికైనా అదొక్కటే. 1934 వెబ్‌స్టర్ నిఘంటువులో దానికి చోటు దక్కింది, ఎవరూ వాడకపోవడంతో 1961 కూర్పులో పోయింది. ‘మిజ్’ కథ వేరు. పెళ్లయిందో లేదో చెప్పకుండా ఒక స్త్రీని గౌరవంగా పిలవడానికి మాట కావాలని 1901లోనే మసాచుసెట్స్‌లోని ఒక పత్రిక దాన్ని సూచించింది. అరవై ఏళ్లు పట్టించుకున్నవాళ్లు లేరు. 1961లో షీలా మైకేల్స్ అనే ఉద్యమకారిణి దాన్ని పట్టుకున్నారు, పదేళ్ల తర్వాత అదే పేరుతో ఒక పత్రిక పుట్టింది, న్యూయార్క్ టైమ్స్ 1986లో ఒప్పుకుంది. ‘థాన్’ వెనక ఒక మేధావి ఉన్నారు, ‘మిజ్’ వెనక ఉద్యమం ఉంది. మన దరఖాస్తుల్లో ఇప్పటికీ మగవాళ్లకు ‘శ్రీ’ ఒక్కటే గడి. ఆడవాళ్లు మాత్రం శ్రీమతో కుమారో తేల్చుకోవాలి. పేరు చివర ‘గారు’ ఉండగా ఆ గడి అవసరం నాకు ఎంత ఆలోచించినా అర్థం కాదు.

ఇంగ్లీషుకు మనం ఇచ్చిన మాట కూడా ఒకటుంది, చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన మాట: ఈవ్ టీజింగ్. మన దేశంలోనే పుట్టి, మన పేపర్ల శీర్షికల్లోనే పెరిగింది. బస్టాండులో పిల్లను వెంటాడి ఏడిపించినవాడి పనికి ఆటపట్టించడం అని పేరు పెట్టి, వినేవాళ్ల దృష్టిని వాడి మీద నుంచి ఆ పిల్ల మీదికి మళ్లించిన మాట అది. తమిళనాడు 1998లో ఆ పేరుతోనే చట్టం చేసి, తర్వాత దాన్ని స్త్రీల వేధింపుగా మార్చుకుంది. సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో వెలువరించిన చేతిపుస్తకం కోర్టు కాగితాల్లో వాడకూడని మాటల్లో దీన్నీ చేర్చింది. వీధిలో జరిగే లైంగిక వేధింపు అనే రాయమంది. అలాంటి వేధింపులను అడ్డుకోవడానికి 2014లో హైదరాబాదు పోలీసులు పెట్టిన బృందాలకు ‘షీ టీమ్స్’ అన్న పేరు వచ్చింది. అన్నేళ్లుగా ‘హి’ చాటున ఉన్న సర్వనామం తెలుగు పేపర్లలోనూ పోలీసు బండి మీదా కనపడింది.

క్రికెట్‌లో మార్పు ఇంత రాద్ధాంతం లేకుండా జరిగిపోయింది. 2021 సెప్టెంబరులో, ఆట నిబంధనలు రాసే ఎంసీసీ వాటిలోంచి ‘బ్యాట్స్‌మన్’ తీసేసి ‘బ్యాటర్’ అంది. ‘బౌలర్’, ‘ఫీల్డర్’ అని ఎప్పట్నుంచో అంటున్నాం కదా. మన టీవీ వ్యాఖ్యానంలోనూ ఆ మాట చేరింది.

చట్టం మాత్రం ఇంకా అక్కడే ఉంది. 2024 జూలై 1 నుంచి శిక్షా స్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ‘హి’ అంటే పురుషుడైనా, స్త్రీ అయినా, ట్రాన్స్‌జెండర్ అయినా కావచ్చని దాని 2వ సెక్షన్ అంటోంది. మూడో మాట చేరినందుకు సంతోషమే. కానీ 162 ఏళ్ల తర్వాత కొత్తగా రాసే అవకాశం చేతికొస్తే మళ్లీ ‘హి’తోనే రాశారు. పాత సూత్రాన్ని చట్టం చేసిన బ్రిటన్ 2007 నుంచి ఆ పద్ధతి మానుకుంది. అక్కడి బిల్లుల్లో ‘మంత్రి’ అని రాశాక మళ్లీ మంత్రి ప్రస్తావన వస్తే ‘మంత్రి’ అనే రాస్తారు, లేదా ‘హి ఆర్ షి’ అంటారు. మన శాసనసభ చేసే చట్టాలకూ ఇంగ్లీషు ప్రతే ప్రామాణికం. అమరావతిలో ఆ ప్రతి రాసేవారు ఈ పద్ధతి మొదలుపెట్టడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. పొగాకు గురించో, పత్తి గురించో, మిరప గురించో రాసే తర్వాతి బిల్లులో ‘రైతు’ అని ఒకసారి రాశాక, రెండోసారీ ‘రైతు’ అనే రాస్తే చాలు.